రెండో చిలక వచ్చిన రోజే

ఖమ్మంలో మేం నలుగురం అద్దెకుండే గదికి వంటిల్లు లేదు. రాత్రి భోజనం సందు చివరి మెస్‌లోనే. అక్కడ గోడకు ఒక టీవీ, దాని కింద మెస్ నడిపే ఆంటీ కుర్చీ. రిమోట్ ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉంటుంది. అందుకే గ్రూప్స్‌కి చదివేవాళ్లం, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లం, డీఎస్సీ కోసం ఎదురుచూసేవాళ్లం, అందరం కొన్నేళ్లపాటు ‘త్రినయని’ సీరియల్ చూస్తూనే పప్పన్నం తిన్నాం. మొదట్లో విసుక్కున్నాం. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఆంటీ కంటే ముందే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాం.

ఇప్పుడా సీరియల్ లేదు. దాని మీద వాదన మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ‘అసలు త్రినయని ఎప్పుడు పడిపోయింది రా?’ అని ఎవరో ఒకరు అంటారు. అంతే, కంచాల్లో పెరుగు ఎండిపోయేదాకా ఎవరూ లేవరు.

ఉద్యోగాల పేజీలో సీరియల్ గోలేంటని మీరు అనుకోవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ మెస్‌లో జరిగేది మీలో చాలామంది భయపడే గ్రూప్ డిస్కషన్‌కి తీసిపోదు. రెండోది చివర్లో చెప్తాను. ఎందుకంటే ఈ వాదన ఒక రాత్రి మా నలుగురినీ నోరెత్తనివ్వకుండా చేసింది.

ముందు కథ సంగతి

చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. ‘త్రినయని’ జీ తెలుగులో 2020 మార్చిలో మొదలైంది. అదే పేరుతో జీ బంగ్లాలో వచ్చిన సీరియల్‌కి ఇది తెలుగు రూపం. నయని అనే అమ్మాయికి జరగబోయేది ముందే కళ్ల ముందు కనిపిస్తుంది. ఆమె భర్త విశాల్. అతని మీద కుట్రలు పన్నే తల్లి స్థానంలోని మనిషి తిలోత్తమ. ఆషికా గోపాల్ పదుకొణె నయనిగా, చందు గౌడ విశాల్‌గా, పవిత్రా జయరాం తిలోత్తమగా చేశారు. మొదలైన నెలలోనే లాక్‌డౌన్ వచ్చి షూటింగులన్నీ ఆగిపోయాయి. అయినా నిలదొక్కుకుంది. కొంతకాలం ఆ ఛానల్‌కి ముందు వరస సీరియళ్లలో ఒకటైంది. వెయ్యి ఎపిసోడ్లు దాటి సాగింది.

మొదట్లో ఎందుకు కట్టిపడేసిందో చెప్పడం తేలిక. ఆ అమ్మాయికి ప్రమాదం కనిపిస్తుంది, కానీ చెబితే నమ్మేవాళ్లు లేరు. కనిపించింది ఎప్పుడు జరుగుతుందో, ఎవరివల్ల జరుగుతుందో పూర్తిగా తెలియదు. చూసే మనకు ఆమె కంటే కొంచెం ఎక్కువ తెలుసు, తిలోత్తమ కంటే కొంచెం తక్కువ తెలుసు. ఆ మధ్యలో ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. చేతిలో ముద్ద చేతిలోనే ఉండేది.

నాలుగు జవాబులు

మా గదిలో పేర్ల కంటే ఊళ్లే ఎక్కువ వాడతాం. ఇల్లెందు, మణుగూరు, చర్ల, నేను దుమ్ముగూడెం. ప్రశ్న ఒకటే, జవాబులు మాత్రం నాలుగు.

ఇల్లెందు స్టాటిస్టిక్స్ చదివాడు. వాడి లెక్క సూటిగా ఉంటుంది. ‘టీఆర్పీ ఎప్పుడు పడిందో అప్పుడే సీరియల్ పడింది. మిగతాదంతా మన ఫీలింగ్స్.’

మణుగూరు దానికి ఒప్పుకోడు. ‘తిలోత్తమ పోయినప్పుడు పోయింది’ అంటాడు. పవిత్రా జయరాం 2024 మేలో మహబూబ్‌నగర్ దగ్గర జరిగిన రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆ వార్త వచ్చిన రాత్రి మెస్‌లో ఎవరూ సరిగ్గా తినలేదు. ఆంటీ టీవీ ఆపేసింది. విలన్ పాత్ర వేసిన మనిషి కోసం అంతమంది బాధపడటం నేను అప్పుడే చూశాను.

చర్ల బీఈడీ చేశాడు, తెలుగు పండిట్ కావాలని కోరిక. వాడి జవాబు కథ మీద. ‘గాయత్రీ దేవి మళ్లీ పుట్టిందన్నారు చూడు, అప్పుడే దారి తప్పింది. నయనికి భవిష్యత్తు కనపడటం ఒక్కటే కదరా ఆ కథకు పెట్టుబడి. పునర్జన్మలు, పాములు, మహిమలు వచ్చి పడ్డాక ఆ కళ్లతో పనేంది?’

నేను మొదట్లో చెప్పే జవాబు అందరికీ తెలిసిందే, సాగదీత. ఏ కథైనా ఏడాదికి మించి లాగితే పీచు మిఠాయే అనేవాణ్ని.

నాలుగూ తప్పు కాదు. నాలుగూ ఒకే ప్రశ్నకు జవాబులు మాత్రం కాదు. ఒకడు చూసేవాళ్ల సంఖ్య ఎప్పుడు తగ్గిందో చెప్తున్నాడు. ఒకడు తనకు మనసు ఎప్పుడు విరిగిందో చెప్తున్నాడు. ఒకడు కథ ఎక్కడ మలుపు తిరిగిందో చెప్తున్నాడు. నేను ఎంత పొడవైందో చెప్తున్నాను. ‘పడిపోవడం’ అంటే ఏంటో తేల్చుకోకుండానే తేదీ కోసం కొట్టుకున్నాం. గ్రూప్ డిస్కషన్లలో కూడా ఇదే జరుగుతుంది. అందరూ మాట్లాడతారు, ప్రశ్నలో మాటకు అర్థం ఏంటని మొదట అడిగేవాడు ఒక్కడుంటాడు. మార్కులు సాధారణంగా వాడికే పడతాయి.

థర్మామీటర్ చెప్పనిది

ముందు ఇల్లెందు లెక్క చూద్దాం. మన దేశంలో టీవీ చూసేవాళ్ల లెక్క కట్టేది బార్క్ ఇండియా. దేశం మొత్తం మీద ఎంపిక చేసిన యాభై వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లు పెట్టి, ఎవరు ఏం చూశారో నమోదు చేసి, వారానికోసారి, మామూలుగా గురువారం అంకెలు విడుదల చేస్తుంది. ఛానళ్లకు ప్రకటనల డబ్బు ఆ అంకెల మీదే నడుస్తుంది. కాబట్టి టీఆర్పీ నిజమే. కానీ అది థర్మామీటర్. జ్వరం ఎంతుందో చెప్తుంది, రోగం ఏ రోజు అంటిందో చెప్పదు.

ఎందుకంటే అలవాటు చాలా మొండిది. కథ చచ్చిపోయాక కూడా జనం చాలాకాలం చూస్తూనే ఉంటారు. మేమే సాక్ష్యం. మెస్‌లో తిట్టుకుంటూ కూడా మానలేదు కదా.

ఇలాంటి వాదన మన ఖమ్మంలోనే పుట్టలేదు. అమెరికాలో ‘హ్యాపీ డేస్’ అని ఒక కామెడీ సీరియల్ వచ్చేది. మన శేఖర్ కమ్ముల సినిమా కాదు, 1974లో మొదలైన టీవీ సీరియల్. 1977లో ఒక ఎపిసోడ్‌లో తోలు జాకెట్ వేసుకున్న హీరో సముద్రంలో స్కీయింగ్ చేస్తూ షార్క్ చేప మీద నుంచి దూకుతాడు. కొన్నేళ్లకు, 1985లో, మిషిగాన్ యూనివర్సిటీలో కొందరు రూమ్మేట్లు కూర్చుని ఏ సీరియల్ ఎప్పుడు పాడైందో వాదించుకుంటుంటే, వాళ్లలో ఒకడు ఆ షార్క్ దూకుడు గుర్తుచేశాడు. అప్పట్నుంచి ఏ కార్యక్రమం దిగజారినా ‘షార్క్ మీద నుంచి దూకింది’ అనడం అక్కడ వాడుక అయిపోయింది. అసలు విషయం ఏంటంటే, ఆ దూకుడు తర్వాత కూడా ఆ సీరియల్ 1984 దాకా నడిచింది, జనం బాగానే చూశారు. టీఆర్పీని నమ్మితే ఆ రూమ్మేట్లు చెప్పింది అబద్ధం. అయినా ఆ మాట మాత్రం ఊరికే నిలబడలేదు.

దెయ్యాల వేటగాళ్లయిన ఇద్దరు అన్నదమ్ముల కథ ‘సూపర్‌నేచురల్’ సంగతీ అంతే. 2005లో మొదలైంది. దాన్ని సృష్టించిన ఎరిక్ క్రిప్కీ అయిదు సీజన్లకు సరిపడా కథ అనుకున్నాడు, అయిదో సీజన్ అవగానే పగ్గాలు వేరేవాళ్లకు ఇచ్చాడు. సీరియల్ మాత్రం 2020 దాకా, 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు సాగింది. అయిదుతోనే అయిపోయిందనే అభిమానులు ఒకవైపు, కాదు తర్వాతే మాకు ఇష్టమైన ఎపిసోడ్లు వచ్చాయనే వాళ్లు ఇంకోవైపు. ఏ ఊరైనా ఏ భాషైనా వాదన మాత్రం ఒక్కటే.

మన దగ్గర ‘కార్తీకదీపం’ ఉంది. అందులో మహిమలు లేకపోయినా పాఠం ఉంది. 2017లో మొదలై తెలుగు టీవీని ఏలిన సీరియల్. 2022లో కథను ఒక తరం ముందుకు జరిపి డాక్టర్ బాబునీ వంటలక్కనీ పక్కన పెట్టారు. జనం ఊరుకోలేదు. కొన్ని నెలలకే మళ్లీ తీసుకురావాల్సి వచ్చింది. అయినా 2023 జనవరిలో ముగిసింది. మనుషులు తిరిగొచ్చినంత మాత్రాన పోయింది తిరిగి రాదని అప్పుడు అర్థమైంది. అందుకే మణుగూరు జవాబు కూడా నాకు సగమే నిజం. నటి పోవడం పెద్ద లోటే. కానీ ఆమె ఉన్నప్పుడే ఆ పాత్రకు చేయడానికి కొత్త పనేమీ మిగల్లేదని ఆ రాత్రి మణుగూరే ఒప్పుకున్నాడు.

వరద తర్వాత మా అమ్మ చెప్పింది

ఈ వాదన నాకు తేలింది మెస్‌లో కాదు, మా ఊళ్లో.

మాది దుమ్ముగూడెం మండలంలో గోదారి ఒడ్డున ఒక చిన్న ఊరు. ఖమ్మం నుంచి భద్రాచలం నూట ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది, అక్కణ్నుంచి ఇంకో బస్సు. దాటిపోతే చర్ల, ఆ పైన అడవి, ఛత్తీస్‌గఢ్. మా అమ్మ ఎండాకాలం తునికాకు కోతకు పోతుంది. తెల్లారకముందే అడవికి పోయి, ఆకు తెచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి కల్లానికి చేరుస్తుంది. నా కోచింగ్ ఫీజులో మొదటి విడత ఆ కట్టల డబ్బే. పొద్దంతా అలా వంగి వంగి, రాత్రి గోడకు వీపు ఆనించి ఆమె చూసే ఒకే ఒక్క సీరియల్ త్రినయని.

2022 జులైలో గోదారి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారంటే ఎంత నీరో ఊహించుకోండి. 1986 తర్వాత అంత వరద మళ్లీ అదే. మా ఊరిని పునరావాస కేంద్రానికి తరలించారు. పది రోజులకు పైగా కరెంటు లేదు, టీవీ లేదు. ఇంటికొచ్చాక బురద ఎత్తిపోసి, అటక మీద మిగిలిన టీవీ దించి పెట్టుకుంటే అది పనిచేసింది. అమ్మ సీరియల్ పెట్టింది. కాసేపు చూసి నవ్వింది.

‘మనం మునిగి తేలొచ్చాం గానీ, వీళ్లు మాత్రం ఆ హాల్లోనే ఉన్నార్రా’ అంది.

పది రోజులు చూడకపోయినా ఆమెకు ఏమీ తప్పిపోలేదు. ఎవరినీ ‘ఏమైంది?’ అని అడగాల్సిన పని పడలేదు. అంతకుముందు ఒక్కరోజు కరెంటు పోతే పక్కింటి వదినను పట్టుకుని కథ మొత్తం చెప్పించుకునేది. ఆ రోజు తర్వాత అమ్మ చూడటం తగ్గించింది. ఎందుకమ్మా అని ఒకసారి అడిగితే ఆమె అన్న మాట నేను ఏ విమర్శకుడి దగ్గరా వినలేదు.

‘సచ్చినోళ్లు మళ్లీ మళ్లీ లేస్తా ఉంటే, ఇంక ఏడ్చేది ఎవరి కోసం?’

చిలక ఒక్కటే ఉండాలి

మాయల ఫకీరు కథ మీలో ఎవరికి తెలియదు? బాలనాగమ్మను ఎత్తుకుపోయిన వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. బుర్రకథల్లో విన్నాం, 1942లో జెమినీ వాళ్లు సినిమాగా కూడా తీశారు. ఆ కథలో ఫకీరుకు ఎన్ని మాయలైనా ఉండొచ్చు. మనుషుల్ని రాళ్లు చేస్తాడు, ఆకారాలు మారుస్తాడు. వినేవాళ్లకు అభ్యంతరం లేదు. ఎందుకంటే చిలక ఒక్కటే. దాని మెడ విరిస్తే వాడు చస్తాడు. ఆ ఒక్క నియమాన్ని ఫకీరు కూడా దాటలేడు.

ఇప్పుడు బాలవర్ధిరాజు ఏడు సముద్రాలు దాటి వెళ్లి చిలక మెడ విరిచాక, ఫకీరు నవ్వి ‘అది కాదు రా, నా ప్రాణం ఇంకో చిలకలో ఉంది’ అన్నాడనుకోండి. మొదటిసారి మనం ఉలిక్కిపడతాం. ‘అబ్బ, ఏం మలుపు!’ అంటాం కూడా. కానీ సరిగ్గా ఆ క్షణంలోనే కథ చచ్చిపోయింది. ఎందుకంటే మూడో చిలక కూడా ఉంటుందని అప్పటికే మనకు తెలిసిపోయింది. ఇక ఆ పిల్లాడు ఎన్ని సముద్రాలు దాటినా మనం ఊపిరి బిగబట్టం.

నా జవాబు ఇదే. మహిమల సీరియల్ పడిపోయేది టీఆర్పీ పడిన వారం కాదు, నటులు మారిన నెల కాదు, ఎపిసోడ్లు ఎక్కువైన ఏడాది కూడా కాదు. రెండో చిలక వచ్చిన రోజు. అంటే, పోయింది నిజంగా పోయినట్టు కాదని తేలిన రోజు. తమాషా ఏంటంటే, ఆ రోజు జనం చప్పట్లు కొడతారు. బహుశా ఆ వారం టీఆర్పీ పెరిగి కూడా ఉండొచ్చు.

చర్ల జవాబు దీనికి దగ్గరగా వచ్చింది కానీ ఒక చిన్న తేడా ఉంది. పాములు, పునర్జన్మలు రావడం తప్పు కాదు. మహిమల కథలో మహిమలు రాక ఇంకేం వస్తాయి? హిందీలో వచ్చిన ‘నాగిన్’ మొత్తం పామే కదా. 2015లో మొదలైన దాని మొదటి సీజన్ శని, ఆదివారాలు మాత్రమే వచ్చి, 62 ఎపిసోడ్లలో ముగిసింది. పగ తీర్చుకోవడానికి వచ్చింది, ఆ లెక్క తేలింది, తెర పడింది. జనం విరగబడి చూశారు. తర్వాత సీజన్ల మీద వాళ్లకూ మనలాగే వాదనలున్నాయనుకోండి, అది వేరే సంగతి. కొత్త మహిమ వచ్చినప్పుడు పాత నియమం బతికే ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

‘సీరియల్‌లో లాజిక్ అడుగుతారా ఎవరైనా?’ అని మీరు అనొచ్చు. లాజిక్ కాదు నేను అడిగేది, కట్టుబాటు. ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద రాసుకున్న రోజులు మన పెద్దవాళ్లకు బాగా గుర్తు. దెయ్యం వచ్చి, చదివి, రేపు వద్దాంలే అని వెళ్లిపోతుందని నమ్మకం. నవ్వు రావచ్చు. కానీ అందులో దెయ్యానికి కూడా ఒక మాట ఉంది, ఆ మాట అది తప్పదు. అందుకే జనం భయపడ్డారు, అందుకే ధైర్యంగానూ పడుకున్నారు. ఏ మాటా లేని దెయ్యానికి ఎవరూ భయపడరు, విసుక్కుంటారు.

రాసేవాళ్ల వైపు నుంచి

ఇదంతా చెప్పి రాసేవాళ్లను తిట్టి ఊరుకోవడం న్యాయం కాదు. వారానికి అయిదారు ఎపిసోడ్లు అంటే మాటలా? సినిమాకు రెండున్నర గంటల కథ రాయడానికి నెలలు పడుతుంది. సీరియల్‌కు అంత నిడివి వారంలోనే కావాలి. పైగా గురువారం అంకె బాగుంటే కథ ముగించే స్వేచ్ఛ రచయితకు ఉండదు. బాగా ఆడుతున్న దుకాణం షట్టర్ ఎవరు దించుతారు? దాని మీద లైట్‌బాయ్ నుంచి మేకప్ వాళ్ల దాకా ఎన్నో కుటుంబాలు బతుకుతుంటాయి. రెండో చిలకను తెచ్చేది చాలాసార్లు రచయిత చేతగానితనం కాదు, ఇంకో ఆర్నెల్లు అందరికీ అన్నం పెట్టాలన్న అవసరం.

మీలో రాయడం మీద ఇష్టం ఉన్నవాళ్లు ఒక సంగతి గమనించండి. సీరియల్ టైటిల్స్‌లో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు వేర్వేరు పేర్లతో పడతాయి. అవన్నీ వేర్వేరు పనులు, వేర్వేరు జీతాలు. ఆ పని అడగడానికి పోయేటప్పుడు ‘నాకు సీరియళ్లంటే ఇష్టం’ అని చెప్తే ఎవరూ వినరు. ‘మీ సీరియల్ ఇక్కడ పట్టు జారింది, ఇదిగో కారణం, నేనైతే ఇలా రాస్తాను’ అని ఒక పేజీ రాసి చూపించగలిగితే వింటారు. మెస్‌లో మనం చేసే వాదనను కాగితం మీద పెట్టడమే అది.

ఆ రాత్రి ఎందుకు మౌనం

ఇక రెండో కారణం.

ఈ చిలక సంగతి నేను మెస్‌లో చెప్పిన రాత్రి మొదట అందరూ నవ్వారు. ఇల్లెందు కూడా ‘ఒప్పుకుంటా బాస్’ అన్నాడు. అప్పుడు మణుగూరు కంచం కడగడానికి లేస్తూ, మామూలుగానే అన్నాడు: ‘మరి మన సీరియల్‌లో రెండో చిలక ఎప్పుడొచ్చింది రా?’

ఎవరూ మాట్లాడలేదు.

మా సీరియల్ కథ మీకు తెలిసిందే. తెలంగాణ ఏర్పడ్డాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులు. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశాం. 2023 మార్చిలో పేపర్ లీకేజీతో అది రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశాం. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. చచ్చిన పరీక్ష మళ్లీ లేచింది, మళ్లీ చచ్చింది, మళ్లీ లేచింది. ఇందులో మా తప్పు లేదు. పేపర్ మేం లీక్ చేయలేదు. ఆ నష్టం ఎవరిదో, ఎవరు జవాబు చెప్పాలో గట్టిగా అడగాల్సిందే. దాన్ని ‘నీ ప్రిపరేషన్ లోపం’ అని అభ్యర్థి నెత్తిన రుద్దేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ ఆ రాత్రి గదికొచ్చాక నేను నా పాత నోటుబుక్కులు తీశాను. మొదటి ఏడాదిలో ప్రతి ఆదివారం ఒక మాక్ టెస్టు రాసి, తేదీ వేసి, మార్కులు రాసుకున్నాను. మార్కు తగ్గితే ఆ వారం సెల్‌ఫోన్ ఆంటీ దగ్గర పెట్టేవాణ్ని. అది నా నియమం. ఆ తేదీలు ఎక్కడ ఆగాయో వెతికాను. 2023 మార్చిలో పరీక్ష రద్దయినప్పుడు ఆగి ఉంటాయనుకున్నాను. కాదు. 2022 నవంబరు చివర్లోనే ఆగిపోయాయి. రద్దు వార్త రావడానికి మూడున్నర నెలల ముందే.

అప్పుడేం జరిగింది? ఏమీ జరగలేదు. ఒక ఆదివారం టెస్టు రాయలేదు. ‘ఇది కాకపోతే గ్రూప్-2 ఉంది కదా’ అనుకున్నాను. తర్వాతి వారం ‘గ్రూప్-2 కాకపోతే గ్రూప్-4’. అదే నా రెండో చిలక. ప్రత్యామ్నాయం ఉండటం తప్పు కాదు, అందరికీ ఉండాలి. కానీ నేను దాన్ని ప్రత్యామ్నాయంగా వాడలేదు, ఈ పరీక్ష పోయినా పోయినట్టు కాదు అని నాకు నేను చెప్పుకోవడానికి వాడాను. రద్దు వార్త వచ్చిన రోజు అందరితోపాటు రోడ్డెక్కి అరిచాను. అరవాల్సిందే. కానీ నాలో పడిపోయింది మాత్రం ఆ రోజు కాదు. నా థర్మామీటర్ ఆలస్యంగా చూపించింది, అంతే.

అమ్మ వరద పరీక్ష కూడా నాకు నేను పెట్టుకున్నాను. పది రోజులు చదవకపోతే నా ప్రిపరేషన్‌లో ఏం తప్పిపోతుంది? మొదటి ఏడాది అయితే చాలా పోయేది, అందుకోవడానికి నెల పట్టేది. 2023లో అయితే ఏమీ పోయేది కాదు. నేనూ అదే హాల్లో నిలబడి ఉన్నాను మరి.

మీరు చేయగలిగింది

మీకు సలహాలు ఇచ్చేంత గెలుపు నా దగ్గర లేదు. ఆ మెస్ వాదన నుంచి నేను తెచ్చుకున్న ప్రశ్నలు మాత్రం మీ ముందు పెడతాను.

ఒకటి, ‘ఎప్పుడు పడిపోయింది?’ అని ఎవరు అడిగినా, అది సీరియల్ గురించైనా కంపెనీ గురించైనా మీ మార్కుల గురించైనా, కనపడిన రోజునూ మొదలైన రోజునూ వేరు చేయండి. ఇంటర్వ్యూలో, గ్రూప్ డిస్కషన్‌లో ఈ ఒక్క తేడా చెప్పగలిగితే మీ మాటకు బరువొస్తుంది.

రెండు, బయటివల్ల పోయిందెంతో మీవల్ల పోయిందెంతో రెండు వరసల్లో రాయండి. పవిత్రా జయరాం మరణం రచయితల తప్పు కాదు. పేపర్ లీక్ మీ తప్పు కాదు. కానీ మొదటి వరస ఎంత పొడవున్నా రెండో వరస ఖాళీగా వదలకండి.

మూడు, మీ చిలకను ఒక్కదాన్నే ఉంచుకోండి. అంటే ఒకే పరీక్ష రాయమని కాదు. ప్రతి ప్రయత్నానికీ ఒక తేదీ పెట్టి, ఆ తేదీ దాటితే నిజంగా దాటినట్టే అని ముందే ఇంట్లో చెప్పండి. మనసులో అనుకోవడం వేరు, అమ్మకు చెప్పడం వేరు.

నేను చెప్పాను. ఇంకొక్క ఏడాది, అది కూడా పొద్దున ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తూ, సాయంత్రం చదువుతూ. ఆ తర్వాత గ్రూప్స్ ఫైలు మూసేస్తాను, బడిలోనే గట్టిగా నిలబడే దారి చూసుకుంటాను. ఆదివారం టెస్టు మళ్లీ మొదలైంది. మొదటి మూడు వారాల మార్కులు చెప్పుకోలేనంత తక్కువ. అయినా తేదీతో సహా రాసిపెట్టాను.

అమ్మకు ఈ సంగతి ఫోన్‌లో చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘ఏడాదంటే ఏడాదేనా?’ అంది.

‘ఏడాదేనమ్మా.’

‘అయితే ఈసారి నేనూ చూస్తా’ అంది.